వివో పోయింది, వివో వచ్చింది

2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది మన జవాన్లు చనిపోయాక చైనా సరుకు కొనొద్దనే ఊపు లేచింది. అప్పుడు ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్ చైనా ఫోన్ల కంపెనీ వివో. ఆ సంగతెత్తితే సూళ్లూరుపేటలో సెల్ షాపు నడిపే మామకీ, ఆయన మేనల్లుడికీ ఇప్పటికీ పడదు. నాది మామ పక్షమే, ముందే చెప్పేస్తున్నా.

అల్లుడు: జనం పట్టుబడితే కంపెనీలు దిగొస్తాయి మామా. స్పాన్సర్లెవర్నీ మార్చబోమన్న బీసీసీఐ, వారం తిరక్కుండానే వివోని పక్కన పెట్టిందా లేదా?

మామ: పెట్టింది, ఆ ఒక్క ఏడాదికే. ఐదేళ్లకు 2,199 కోట్ల ఒప్పందంరా అది. రద్దని ఎవరన్నారు? 2021 ఐపీఎల్ మళ్లీ వివో పేరుతోనే జరిగింది. అప్పుడు నువ్వు అరిచావా? కంపెనీవాడికి కావలసింది అదే. వేడి మీదున్నప్పుడు ఎదురు పడడు. గల్వాన్ వార్త వచ్చిన మర్నాడు ఒప్పో తన ఫోన్ లాంచ్ లైవ్ మానేసింది. షావోమీ షాపు బోర్డుల మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ బేనర్లు కప్పింది. అది అబద్ధమూ కాదు. మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్‌వాళ్లు అప్పట్లో ఆ ఫోన్లు చేసేవాళ్లు, పనిచేసింది ఎక్కువగా మన ఆడపిల్లలే. నీ బహిష్కరణ ముందు ఎవరికి తగులుతుందంటావు?

అల్లుడు: అవన్నీ సరే. ఏడాదికి 440 కోట్లు వచ్చే చోట, వివో బదులు వచ్చిన క్రికెట్ ఆటల యాప్ డ్రీమ్11 ఇచ్చింది 222 కోట్లు. సగం పోయింది. జనం కోపానికి ఇంతకన్నా లెక్క ఏం కావాలి?

(మామ గొంతు సవరించుకున్నాడు. ఆ దెబ్బ గట్టిదే.)

మామ: డ్రీమ్11లో మాత్రం అప్పుడు చైనా కంపెనీ టెన్‌సెంట్ డబ్బు లేదా? పైగా అప్పట్లో అది డబ్బు పెట్టి ఆడే జూదం యాప్. తెలంగాణలో 2017 నుంచే అలాంటివి కుదరవు. 2020 సెప్టెంబరులో మన ఆంధ్రాలోనూ ఆపేశారు.

అల్లుడు: జూదం కాదు, బుర్ర పెట్టి ఆడే ఆట. పోగొట్టుకున్న కోపంతో అంటున్నావు.

మామ: నేనెప్పుడు ఆడానురా?

అల్లుడు: అత్తనడుగు, చెప్తుంది.

కాసేపు దాని మీదే నడిచింది. తేలలేదు.

మామ: ఆ సగం పోగొట్టుకుంది బీసీసీఐరా, వివో కాదు. కరోనా ఏడాది, యూఏఈలో ఖాళీ స్టేడియాలు. ఆ ఏడు 440 కోట్లు కట్టే పని తప్పించినందుకు వాడు మనకి దండం పెట్టాలి. ఇక అమ్మకాలంటావా, 2020 మొత్తానికి మన దేశంలో మొదటి మూడు కంపెనీల్లో వివో ఉంది.

అల్లుడు: 2022లో టాటా వచ్చింది కదా. ఐపీఎల్ మీద వివో పేరు పోయింది కదా.

మామ: అదే ఏడు ప్రో కబడ్డీ మీద ఎవరి పేరుంది? వివోదే. అక్కడెవరూ అడగలేదు.

అల్లుడు: అడక్కపోవడం మా తప్పు మామా. అడిగిన చోట పని జరిగింది.