ఆవకాయ సీసాలో అఖండ దీపం

ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయింది. "కొత్తది కొనక్కర్లేదు, మూడు పెన్సిల్ సెల్స్‌తో రోజుల తరబడి వెలిగే లైటు నేనే చేస్తా" అని భోజనాల దగ్గర ప్రకటించాను. మా ఆవిడ ఏమీ అనలేదు. దాని అర్థం పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

కోఠి గుజరాతీ గల్లీకెళ్లి తెల్ల ఎల్ఈడీలు, కరెంటుని అదుపు చేసే రెసిస్టర్లు గుప్పెడు తెచ్చాను. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు. నా విజ్ఞానం అంతవరకే. మొదటిదాన్ని నేరుగా సెల్స్‌కి తగిలిస్తే నీలంగా ఒక్క మెరుపు మెరిసి, కమురు వాసన కొట్టి పోయింది.

"రోజుల తరబడి అంటే ఇంతేనా నాన్నా?" అన్నాడు మావాడు.

అప్పుడు కాగితం తీశాను. మూడు సెల్స్ కలిస్తే 4.5 వోల్టులు. ఎల్ఈడీకి 3 చాలు, మిగతా ఒకటిన్నర రెసిస్టర్ మింగాలి. ఎరుపు, ఎరుపు, గోధుమ చారలున్న 220 ఓమ్‌లది వేస్తే పారేది 7 మిల్లీ ఆంపియర్లే. ఆల్కలైన్ సెల్‌లో ఉండేది దాదాపు 2000 మిల్లీ ఆంపియర్ అవర్లు. అంటే 280 గంటలు, దాదాపు పన్నెండు రోజులు!

ఆ సంబరంలో అన్నీ టంకం పెట్టేసి, ఖాళీ ఆవకాయ సీసాలో దింపి, తేమ చేరకుండా మూత చుట్టూ ఎం-సీల్ పూసేశాను. తెల్లగా, చల్లగా, కాస్త ఇంగువ వాసనతో వెలిగింది.

రాత్రి పదకొండింటికి మా ఆవిడ అడిగింది: "ఏవండీ, ఇక ఆర్పుతారా?"

సీసా అటూ ఇటూ తిప్పాను. స్విచ్ పెట్టలేదు. ఎం-సీల్ రాయిలా బిగిసింది. పగలగొడదామంటే అది వాళ్ల పుట్టింటి సీసా.

"అఖండ దీపం పెట్టావురా, ఆర్పితే దోషం" అంది అమ్మ, అటు తిరిగి పడుకుంటూ.

తువ్వాలు కప్పాం, దుప్పటి చుట్టాం. లాభం లేక చివరికి బియ్యం డ్రమ్ములో పూడ్చి మూత పెట్టాం.

తొమ్మిదో రోజు రాత్రి కరెంటు పోయింది. సెల్‌ఫోన్ టార్చి వేసుకుని నా లైటుని వెతుక్కుంటూ వెళ్లాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి తవ్వితే, డ్రమ్ము అడుగున నిక్షేపంలా వెలుగుతోంది! గర్వంగా పైకెత్తి చూపించాను.

మా ఆవిడ ఆ వెలుగులో డ్రమ్ములోకి తొంగిచూసింది. లోపలికెళ్లి చేట తెచ్చి నా చేతికిచ్చింది.

"ఎలాగూ వెలుగుతోందిగా. బియ్యంలో పురుగులున్నాయి, ఏరండి."