సవరణ: ఎండల్లో పిల్లలతో పార్కుకి వెళ్లేవాళ్లకి

కైలాసగిరికీ, వాటర్ పార్కులకీ పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలో చెప్పిన పోస్టులో "ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి నీళ్ల సీసాలో కలిపి ఉంచుకోండి" అని ఉంది (ఓఆర్ఎస్ అంటే ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తాగే ఉప్పు, చక్కెర పొడి). దాన్ని ఇలా మార్చి చదువుకోండి: ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నే పొయ్యాలి. పెద్ద ప్యాకెట్‌కి మామూలుగా లీటరు, చిన్నదానికి 200 మిల్లీలీటర్లు. లీటరు నీళ్లకి సరిపోయే పొడిని పిల్లల చిన్న స్కూలు సీసాలో గుమ్మరిస్తే ఉప్పు ఎక్కువైపోతుంది, చిన్నపిల్లలకి అది ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

పేరు చూసి మోసపోకండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్రకారం లేని తియ్యటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో చెప్పింది. పాత డబ్బాలు ఇంట్లో ఉంటే లేబుల్ చదవండి. ఊరికే దాహానికైతే మజ్జిగ చాలు, ఓఆర్ఎస్ దాకా అక్కర్లేదు.

అదే పోస్టులో మెడకి తడి తువ్వాలు కట్టమన్న సలహాకి ఒక షరతు. మన వైజాగ్ ఉక్కపోతలో తడి తొందరగా ఆరదు, ఆరకపోతే చల్లదనమూ రాదు. కాబట్టి తువ్వాలు కట్టి క్యూలో నిలబెడితే లాభం లేదు. సముద్రపు గాలి తగిలే వైపు, నీడలో కూర్చోబెట్టండి.

జారుడుబల్లని ముందు మీ అరచేత్తో తాకి చూడండి. మీకే చురుక్కుమంటే నిక్కరేసుకున్న పిల్లాడి తొడల సంగతి చెప్పక్కర్లేదు.

ఎండకి బిడ్డ మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు.