నిమ్మకాయ చప్పరిస్తే దిగేది కాదు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే మా బరంపురంలో పిక్నిక్‌ల సందడి. గోపాల్‌పూర్ ఒడ్డున, తప్తపాణిలో, రంభ దగ్గర చిలికా గట్టున ఎక్కడ చూసినా మూడు రాళ్ళ పొయ్యి, మాంసం డేగిసా, పక్కనే సీసాలు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఒక మెసేజ్ మన తెలుగువాళ్ళ గ్రూపులన్నిట్లోకీ వస్తుంది. పార్టీ చేసుకున్నాక హాయిగా బండి నడుపుకుంటూ రావడానికి అయిదు చిట్కాలట. మా ఇంటి గ్రూపులోకే ఈ వారం రెండుసార్లు వచ్చింది. అయిదూ తప్పే. అందుకే ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను.

"ఒక బీరు, రెండు పెగ్గులు లెక్కలోకి రావు."

చట్టం లెక్క ఇది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో సుమారు 20 గ్రాములు. అరవై కిలోల మగమనిషి దాన్ని గబగబా తాగేస్తే రక్తంలో 50 దగ్గరికి చేరుతుంది. ఒక్క పెగ్గుకే హద్దు దాటేశాడు. అదే బరువున్న ఆడవాళ్ళకైతే ఇంకా ఎక్కువ. ఇక బీరు సంగతి. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా, అంటే 650 మిల్లీలీటర్లు, రెండు లార్జ్ పెగ్గులతో సమానం. "బీరే కదా" అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

"నిమ్మకాయ, మజ్జిగ, బ్లాక్ కాఫీ, చన్నీళ్ళ స్నానం. అరగంటలో దిగిపోతుంది."

ఈ చిట్కాని నమ్మినవాణ్ణి కళ్ళారా చూశాను. రెండేళ్ళ కిందట తప్తపాణి నుంచి తిరుగు ప్రయాణం. మా బావ సగం నిమ్మకాయ ఉప్పులో అద్ది చప్పరించాడు, నెత్తిన రెండు చెంబుల నీళ్ళు పోసుకున్నాడు, "ఇప్పుడు ఫస్ట్‌క్లాస్‌గున్నాను" అంటూ మోటార్‌సైకిలెక్కాడు. తాళం పెట్టబోయాడు. అది కన్నం పక్కనే గీరుకుంది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ గీరుకుంది. మూడోసారీ అంతే. ముందు మా అక్క, చంకలో పిల్ల. ఎదురుగా ఘాట్ మలుపులు. "బావా, తాళం ఇలా ఇచ్చీ" అని చెయ్యి చాపితే ఆయనకి కోపం వచ్చింది. తను బాగానే ఉన్నానని ఆయన నిజంగానే అనుకుంటున్నాడు. మందు చేసే అసలు ద్రోహం అదే. కాళ్ళూ చేతులూ తడబడక ముందే, తాగానన్న తెలివిని తీసేస్తుంది. ఆ రోజు నాకు భయం వేసింది, ఆ భయం ఇప్పటికీ పోలేదు.

కడుపులోంచి రక్తంలోకి వెళ్ళిపోయిన ఆల్కహాల్‌ని చాలావరకు కాలేయమే ఖర్చు చేయాలి. దాని వేగం మనిషిని బట్టి కొంచెం మారినా, 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి తగ్గేది సుమారు 15 మిల్లీగ్రాములే. నిమ్మకాయ పుల్లదనానికీ ఆ వేగానికీ సంబంధం లేదు. కాఫీ నిద్రమత్తు తగ్గిస్తుంది గానీ చెయ్యి బ్రేకు మీదకి త్వరగా వెళ్ళదు. వాంతి చేసుకుంటే పోయేది ఇంకా కడుపులో ఉన్నది మాత్రమే. అరవై స్పీడులో బండి సెకనుకి 16 మీటర్లకి పైగా పోతుంది. బ్రేకు వెయ్యడం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు. కోతల రోజులు కదా, వరికట్టలు వేసుకుని వెనక లైటు లేకుండా వెళ్ళే ట్రాక్టరుకీ మీకూ మధ్య ఆ ఎనిమిది మీటర్లే ఉండొచ్చు.

"లవంగం, కిళ్ళీ నమిలితే మిషన్‌కి దొరకం."

మిషన్ నోటి వాసన చూడదు. రక్తంలోంచి ఊపిరితిత్తుల గాలిలోకి వచ్చే ఆల్కహాల్‌ని కొలుస్తుంది. ఊదనంటే, తాగారని అనుమానించే కారణం ఉంటే, వారంట్ లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు.

"గిరిసోల దాటి ఇచ్ఛాపురంలోకి వెళ్ళిపోతే ఒడిశా కేసు అంటదు."

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉండే మనవాళ్ళ కోసమే ఎవరో కలిపిన ముక్క ఇది. మోటారు వాహనాల చట్టం కేంద్రానిది, గట్టుకి ఇటూ అటూ ఒకటే. 185వ సెక్షన్ కింద మొదటిసారికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 2 ఏళ్ళ దాకా, 15,000. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్ళినా ఇదే. పైగా తాగి గుద్దితే సొంత బండి రిపేరుకి ఇన్సూరెన్స్ రాదు. ఆ సంగతి మెసేజ్‌లో ఎక్కడా లేదు.

"రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరితే సేఫ్."

అయిదింటిలో మంచివాళ్ళు కూడా నమ్మేది ఇదే, అందుకే దీని గురించి నాకు ఎక్కువ టెన్షన్. రాత్రి పది నుంచి పన్నెండు దాకా నాలుగు లార్జ్ పెగ్గులు వేసిన అరవై కిలోల మగమనిషికి అర్ధరాత్రి 100 మిల్లీలీటర్ల రక్తంలో 160 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. ఆరు గంటలు పడుకుంటే తగ్గేది 90. జనవరి ఒకటిన పొద్దున్న ఆరింటికి, మొహం కడుక్కుని, టీ తాగి, పిల్లల్ని ఎక్కించుకునే వేళకి ఇంకా 70 పైమాటే. చట్టం హద్దుకి రెట్టింపు కన్నా ఎక్కువ. హద్దు కిందకి రావాలంటే ఇంకో మూడు గంటలు, ఒంట్లోంచి పూర్తిగా పోవాలంటే దాదాపు అయిదు. మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరండి.

ఈసారి మా వాళ్ళం రంభ వెళ్తున్నాం. పదకొండు మందికి డ్రైవర్‌తో సహా జీపు మాట్లాడాం, బాడుగ డబ్బులు తలా కొంచెం వేసుకుంటున్నాం. ఇద్దరు కుర్రాళ్ళు బైకుల మీదే వస్తామని పట్టుబట్టారు. సరే అన్నాం, కానీ అక్కడ దిగగానే, సీసా మూత తియ్యకముందే, రెండు తాళాలూ మా పెద్దత్త బొడ్డుసంచిలోకి వెళ్తాయి. అడిగి తీసుకోవడానికి ఆ ఇద్దరికీ ధైర్యం చాలదు. ఈ సంగతి మొదట చెప్పింది మా బావే.