చార్జింగ్ ఎక్కడ పెడతామన్నదే అసలు లెక్క
విద్యుత్ కారుకు కిలోమీటరుకు రూపాయి మాత్రమే ఖర్చవుతుందని ఇటీవల చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆ లెక్క సొంత ఇల్లు, ఇంటి ముందు కారు నిలుపుకొనే చోటు ఉన్నవారికే దాదాపుగా సరిపోతుంది. వారికైనా నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదనంగా సుమారు 150 యూనిట్ల కరెంటు కాలుతుంది, అవన్నీ ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 8.75, 9.75 రూపాయలుండే ఎగువ శ్లాబుల్లో పడే అవకాశమే ఎక్కువ. అయినా కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకైతే దాదాపు ఏడు రూపాయలవుతుంది, అందులో పన్నుల వాటా చిన్నది కాదు. నా ఇబ్బంది వేరు. తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి అపార్ట్‌మెంట్ వాసుల సంఘం ఏడాదిగా ఒప్పుకోవడం లేదు. అందువల్ల బయటి స్టేషన్లలో ఇంటి ధరకు రెట్టింపు చెల్లిస్తూ, దానిపై 18 శాతం జీఎస్టీ కూడా కడుతున్నాను. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ కొంత తిరిగి నిండడం ఎంతో సంతోషాన్నిస్తుంది గానీ, చిత్తూరుకు వెళ్లి వచ్చే నెలవారీ ప్రయాణాలకు అది చాలదు. కారుపై జీఎస్టీని 2019 ఆగస్టులో 12 నుంచి 5 శాతానికి తగ్గించిన ప్రభుత్వం, అదే కారుకు బయట చార్జింగ్ పెట్టుకుంటే 18 శాతం వసూలు చేయడం అద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి అన్యాయం. దానిని కూడా 5 శాతానికి తేవాలి.