సీసాకి ఇల్లు, సోదాకి కారు

అమెరికాలో ఎండాకాలం సెలవులొస్తే మనవాళ్లు ఆర్వీనో (మంచం, వంటగది ఉండే మోటర్ హోమ్ లాంటి బండి) క్యాంపర్ వ్యానో అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. పులిహోర ఒకవైపు, కూలర్‌లో బీర్లు ఒకవైపు. సరదాగానే ఉంటుంది, కాకపోతే ఆ బండి విషయంలో ఇక్కడి చట్టానిది రెండు నాల్కల ధోరణి అని నా ఫిర్యాదు.

ముందు మందు సంగతి. బండిలో మూత తీసిన మందు ఉండకూడదని చట్టం చెయ్యండి, లేకపోతే హైవే నిధుల్లో కొంత రోడ్డు పనులకి దక్కకుండా మళ్లిస్తాం అని 1998లో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల మెడ మీద కత్తి పెట్టింది. చాలా రాష్ట్రాలు చేశాయి. మూత తీసినది అంటే తాగుతున్నదనే కాదు, సీలు ఊడితే చాలు, కార్కు మళ్లీ బిగించి పెట్టుకున్న సగం వైన్ సీసా కూడా అందులోకే వస్తుంది. కాలిఫోర్నియాలో గ్లవ్ బాక్స్‌లో (డాష్‌బోర్డు అరలో) దాచినా సీటు పక్కన పెట్టుకున్నట్టే లెక్క, టెక్సాస్‌లో మాత్రం తాళం వేసిన గ్లవ్ బాక్స్ అయితే ఫర్వాలేదు. ఈ రెండు చోట్లా మోటర్ హోమ్‌లో మనుషులు ఉండే భాగానికి మినహాయింపు ఉంది, అంటే అది ఇల్లు అని చట్టమే ఒప్పుకుంటోంది. చిన్న వ్యాన్లతోనే చిక్కు. డ్రైవర్ సీటుకీ మంచానికీ మధ్య అడ్డుగోడ ఉండదు, ముందు సీటు గిర్రున తిప్పితే అదే సోఫా. కారు ఎక్కడ అయిపోయి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో రాత్రిపూట హైవే పక్కన టార్చి పట్టుకుని తేల్చేది పోలీసే.

ఇక సోదా దగ్గరికొస్తే అదే బండి ఉన్నట్టుండి కారైపోతుంది. 1985లో కాలిఫోర్నియా వర్సెస్ కార్నీ కేసులో, శాన్ డియేగోలో పార్కింగ్ లాట్‌లో కర్టెన్లు వేసి ఆపి ఉన్న మోటర్ హోమ్‌లోకి వారంటు లేకుండా వెళ్లడం సబబేనని సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. చక్రాలున్నాయి, ఎప్పుడైనా కదిలిపోగలదు, కాబట్టి ప్రాబబుల్ కాజ్, అంటే లోపల నేరానికి సంబంధించినదేదో ఉందని నమ్మడానికి తగిన కారణం, ఉంటే చాలట. దిమ్మెల మీద ఎత్తిపెట్టి, కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇచ్చి కాపురముంటున్న బండి సంగతి మాత్రం తేల్చకుండా వదిలేశారు. తమాషా ఏంటంటే కారుని వారంటు లేకుండా వెతకొచ్చనే ఈ మినహాయింపు పుట్టిందే మద్యనిషేధం రోజుల్లో, దొంగ విస్కీ మోస్తున్న కారు సీటు చింపి సీసాలు తీసిన 1925 నాటి క్యారొల్ కేసులో.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. కప్ హోల్డర్‌లో తెరిచిన బీరు డబ్బా ఒకటి పోలీసు కంట పడిందంటే, ఇంకా ఉన్నాయేమోనని సీసా పట్టే ప్రతి చోటూ వెతకడానికి అదే కారణం కావచ్చు. మంచం కింద అర, అమ్మ మాత్రల సంచి, పాస్‌పోర్టుల ఫైలున్న సూట్‌కేసు, అన్నీ. డ్రైవర్ తప్పుకి పక్కవాళ్ల బ్యాగులు తెరవడం కూడా చెల్లుతుందని 1999లో వ్యోమింగ్ వర్సెస్ హౌటన్‌లో చెప్పారు. తాగి నడపకుండా ఆపే చట్టం కఠినంగా ఉండాలంటే నేను ముందు చెయ్యెత్తుతాను, కానీ కుటుంబం పడుకునే చోటికి వారంటు అడగడం పెద్ద కోరికేం కాదు. రాష్ట్రాలు తలచుకుంటే సొంత రాజ్యాంగాల కింద సుప్రీంకోర్టు ఇచ్చినదానికంటే ఎక్కువ రక్షణ ఇవ్వొచ్చు. వీసాల కోసం ప్రతినిధుల ఆఫీసులకి ఉత్తరాలు రాసే మనం దీనికీ ఒకటి రాయొచ్చు.

అసలు మనవాళ్లతో ఇంకో తంటా ఉంది. ఇండియాలో చెక్‌పోస్టులో డిక్కీ తియ్యమంటే తీసేసిన అలవాటు, ఇక్కడ ఆఫీసరు "ఒకసారి లోపల చూడొచ్చా?" అనగానే "ష్యూర్ సర్, మేం తప్పేం చెయ్యలేదు" అంటూ తలుపు తీసేస్తాం. వద్దనే హక్కు మనకుందని ఆయన చెప్పక్కర్లేదని 1973లోనే కోర్టు చెప్పింది, కాబట్టి ఆయన చెప్పడు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఇవ్వండి, మర్యాదగా "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సర్చ్, ఆఫీసర్" (సోదాకి నేను ఒప్పుకోవడం లేదు) అనండి. ట్రాఫిక్ టికెట్ పని అయిపోయాక, అనుమానానికి ఆధారం లేకుండా, మత్తుమందుల వాసన పట్టే పోలీసు కుక్క వచ్చేదాకా మిమ్మల్ని ఆపి ఉంచకూడదని కూడా 2015లో రోడ్రిగెజ్ కేసులో అన్నారు. అయినా వెతుకుతానంటే అడ్డు పడొద్దు, చేతులు కనపడేలా పక్కన నిలబడండి, మిగతా వాదన లాయరు కోర్టులో చేస్తాడు.