క్షార నీళ్లు తాగితే క్యాన్సర్ చస్తుందా? వాట్సాప్ మెసేజ్‌కి మాట మాటకీ జవాబు

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "ఒంట్లో ఆమ్లం ఎక్కువైతేనే క్యాన్సర్ పెరుగుతుంది, క్షార గుణమున్న ఒంట్లో అది బతకలేదు, ఇది కనిపెట్టినందుకే ఓటో వార్‌బర్గ్‌కి 1931లో నోబెల్ ఇచ్చారు, రోజూ పొద్దున్నే నిమ్మరసంలో వంట సోడా కలుపుకుని గానీ ఆల్కలైన్ వాటర్ గానీ తాగండి, స్ట్రిప్‌తో మూత్రం చూసుకుంటూ ఉండండి, డాక్టర్లు ఈ సంగతి చెప్పరు" అని దాని సారాంశం. ఇది నమ్మి చింతపండు, టమాటా మానేసినవాళ్లున్నారు, అది వాళ్లిష్టం. కానీ కీమో జరుగుతున్నవాళ్లకి కూడా ఇదే పంపి, ముందు ఇది ట్రై చెయ్యండి అంటున్నారు. ఊరుకోలేక రాస్తున్నాను. దీన్ని తేల్చడానికి చాలావరకు ఇంటర్ బైపీసీ చదువు సరిపోతుంది.

ముందు నోబెల్ సంగతి. 1931లో జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్‌కి బహుమతి వచ్చిన మాట నిజం, కానీ అది కణాల్లో శ్వాసక్రియకి పనికొచ్చే ఎంజైమ్ స్వభావమేంటో, అదెలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు. కణితి కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజ్‌ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని ఆయన 1920లలో గమనించారు, అదీ నిజమే. క్షార నీళ్లతో క్యాన్సర్ పోతుందన్నది మాత్రం ఆ బహుమతిలో లేదు.

"ఆల్కలైన్ వాటర్ తాగితే రక్తం క్షారంగా మారుతుంది." మారదు. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆ నీళ్ల పీహెచ్ 8 నుంచి 9.5 దాకా ఉంటుంది. అవి ముందుగా పడేది పీహెచ్ 1.5 నుంచి 3.5 మధ్య ఉండే జీర్ణాశయంలో, ఆ క్షారం పని అక్కడే అయిపోతుంది. అంతో ఇంతో దాటి వెళ్లినా రక్తం తన పీహెచ్‌ని 7.35, 7.45 మధ్యే పట్టి ఉంచుతుంది. పీహెచ్ అటూఇటూ కాకుండా సర్దడానికి రక్తంలో బైకార్బనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ని ఎప్పటికప్పుడు బయటికి పంపుతాయి, మిగిలింది కిడ్నీలు చూసుకుంటాయి. అసలు రక్తం ఎప్పుడూ కొంచెం క్షారంగానే ఉంటుంది, క్యాన్సర్ వచ్చినవాళ్లకి కూడా. ఇంకా క్షారంగా మారితే ఏమవుతుందో చూడాలంటే బాగా టెన్షన్ పడి గబగబా ఊపిరి తీస్తున్న మనిషిని చూడండి. కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోయి రక్తం పీహెచ్ కాస్త పెరుగుతుంది, ఆ కాస్తకే మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు జివ్వుమనడం, చేతులు కొంకర్లు పోవడం మొదలవుతాయి. ఈ మెసేజ్ రాసినవాళ్లు ఆరోగ్యం అంటున్నది ఈ స్థితినే.

"క్షారంలో క్యాన్సర్ కణం బతకదు." మెసేజ్ మొత్తానికీ ఇదే ఆయువుపట్టు, ఇదే పచ్చి అబద్ధం. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసిన హీలా కణాలు ఇప్పటికీ ప్రపంచంలోని ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి, అవి పెరిగే ద్రవం పీహెచ్ దాదాపు 7.4, అంటే మన రక్తంలాగే కొంచెం క్షారం. అందులో సోడియం బైకార్బనేట్, అంటే వంట సోడాలో ఉండేదే, కావాలనే కలుపుతారు. ఆ ద్రవంలో సాధారణంగా ఫినాల్ రెడ్ అనే రంగు కూడా ఉంటుంది. కొత్తగా పోసినప్పుడు ఎర్రగా ఉంటుంది, కణాలు పెరిగి లాక్టిక్ ఆమ్లం వదిలేకొద్దీ నారింజకి, తర్వాత పసుపుకి తిరుగుతుంది. పసుపయ్యేదాకా వదిలేస్తే ఆ కణాలే నీరసిస్తాయి, అందుకే ల్యాబులో పనిచేసేవాళ్లు రంగు చూసి ద్రవం మారుస్తారు. అంటే క్యాన్సర్ కణాల్ని కులాసాగా బతికించడానికి వాళ్లు పోసేది కొంచెం క్షారమైన ద్రవం, దాన్ని ఆమ్లంగా మార్చేది ఆ కణాలే. ఒంట్లో కణితి చుట్టూ ఆమ్లం కనిపించడానికి ముఖ్య కారణమూ ఇదే, అది క్యాన్సర్ వల్ల వచ్చింది. క్యాన్సర్‌కి మూలం కణంలోని జన్యువుల్లో వచ్చిన మార్పులు, చారులో వేసిన చింతపండు కాదు.

ఆమ్లమంటేనే విషం అన్నట్టు రాశారు కదా, మరి కణం దేంతో తయారైందో చూడండి. ప్రోటీన్లు కట్టేది అమైనో ఆమ్లాలతో, మామూలుగా 20 రకాలు. కణత్వచంలోని, అంటే కణం చుట్టూ ఉండే పొరలోని, కొవ్వుల్లో ఫ్యాటీ ఆమ్లాలుంటాయి. డీఎన్‌ఏ కూడా ఆమ్లమే, దాని ఫాస్ఫేట్లు హైడ్రోజన్ అయాన్‌ని వదిలేసి రుణావేశంతో ఉంటాయి కాబట్టే ధనావేశమున్న హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ అది చుట్టుకోగలుగుతోంది. కణం లోపల చెత్తని అరిగించే చిన్న సంచులైన లైసోజోముల పీహెచ్ 4.5 నుంచి 5 దాకా ఉంటుంది, అంత ఆమ్లం ఉంటేనే అక్కడి ఎంజైములు పాడైపోయిన సరుకుని అరిగించగలవు. ఒంటికంతటికీ కలిపి ఒకటే పీహెచ్ అనేది లేనే లేదు.

"స్ట్రిప్ రంగు మారింది, చూడండి!" మారుతుంది. నిమ్మరసంలోని సిట్రేట్ ఒంట్లో ఖర్చయ్యాక బైకార్బనేట్ మిగులుతుంది, ఎక్కువైనదాన్ని కిడ్నీలు మూత్రంలోకి తోసేస్తాయి. స్ట్రిప్ చూపించేది బయటికి పారేసినదాన్ని, రక్తాన్ని కాదు.

ఇక వంట సోడా. ఒక టీస్పూన్‌లో 1,200 మిల్లీగ్రాములకి పైగా సోడియం ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలంటోంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు రోజూ తాగితే అపాయం. మోతాదు మించితే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది.

డాక్టర్లు దాచారనేది కూడా తప్పే. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందుని ఎక్కువ డోసులో ఇచ్చేటప్పుడు అది కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకోకుండా మూత్రాన్ని క్షారంగా ఉంచాలి, అందుకు క్యాన్సర్ వార్డుల్లో సోడియం బైకార్బనేట్ ఇస్తారు. డోసు లెక్కగట్టి ఇస్తారు, మూత్రం పీహెచ్ కూడా చూస్తూ ఉంటారు. అది కణితిని చంపడానికి కాదు, కిడ్నీల్ని కాపాడటానికి. మీ ఇంట్లో కీమోలో ఉన్నవాళ్లెవరైనా ఈ మెసేజ్ చూసి సోడా తాగుతుంటే, తర్వాతి కీమో విడత దాకా ఆగకుండా ఇవాళే వాళ్ల డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి.