కోనసీమ వాలెట్‌కు కొన్ని సవినయ సూచనలు

బిట్‌కాయిన్ వంటి డిజిటల్ సొమ్మును, అంటే క్రిప్టోను, భద్రపరిచే బుల్లి పరికరమైన హార్డ్‌వేర్ వాలెట్‌ను, డిజైనంతా నలుగురి ముందూ పెట్టి, రెండు వేల రూపాయల లోపు ధరలో గోదావరి డెల్టాలోనే తయారు చేయాలని మన ఇంజనీరింగు యువకులు కొందరు నడుం కట్టడం హర్షణీయం. ధవళేశ్వరం ఆనకట్ట తరువాత ఈ ప్రాంతంలో తలపెట్టిన మహత్కార్యం ఇదేనని నేను అనను గానీ, ప్రారంభోత్సవ సభలో ఎవరో ఒకరు అనక మానరు. ఆ సభ జరిగేలోగా, ఇక్కడి ఆచారవ్యవహారాలు తెలిసిన పౌరుడిగా కొన్ని సూచనలు సమర్పించుకోవడం నా ధర్మం.

వాలెట్ అన్నారు కదా అని దాని లోపల బిట్‌కాయిన్లు ఉంటాయని భ్రమపడరాదు. ఎవరి దగ్గర ఎంత ఉందన్న లెక్క ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉండే ఉమ్మడి ఖాతాలో ఉంటుంది. ఈ పరికరంలో ఉండేది ఆ సొమ్మును కదిలించగల రహస్య కీ మాత్రమే. లావాదేవీ వివరాలు కంప్యూటరు నుంచి లోపలికి వస్తాయి, కీతో వేసే డిజిటల్ సంతకం లోపలే పడుతుంది, సంతకం పడిన లావాదేవీ బయటికి వెళుతుంది, కీ మాత్రం గడప దాటదు. సొమ్ము ఏ చిరునామాకు పోతోందో ఆ బుల్లి తెర మీద చదివి యజమాని బటన్ నొక్కితే తప్ప పని జరగదు. ప్రాగ్ నగరంలోని సతోషీల్యాబ్స్ 2014లో ట్రెజర్ అనే పరికరాన్ని ఇలాగే చేసి, సర్క్యూట్‌నూ ప్రోగ్రామునూ బహిరంగపరిచింది. వైఫై లేని రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటరు బోర్డుకు కెమెరా, తెర తగిలించి ఎవరిది వారే కట్టుకోవచ్చని సీడ్‌సైనర్ ప్రాజెక్టు చూపించింది. చిప్పు, తెర, రెండు బటన్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి కనుక మనవాళ్ల ప్రయత్నంలో సాంకేతికంగా అసాధ్యమేమీ లేదు. చిక్కంతా సిద్ధాంతంలో ఉంది.

ఎవరినీ నమ్మనక్కరలేదు, కోడు నీ ముందే ఉంది, చదివి సరిచూసుకో అంటుంది ఓపెన్ సోర్సు సిద్ధాంతం. చదవనక్కరలేదు, రాసినవాడు మనవాడే అంటుంది డెల్టా సిద్ధాంతం. చీటీ పాటలూ, ప్రోనోట్లూ, రొయ్యల చెరువుల లీజులూ తరతరాలుగా ఈ రెండో సిద్ధాంతం మీదే నడుస్తున్నాయి. చీటీల ఆసామి రాత్రికి రాత్రి ఊరు విడిచిన మర్నాడు అతని గుమ్మం ముందు గుమిగూడిన జనం, "మనోడే కదా అనుకున్నామండీ" అని బావురుమంటారు. నెల తిరక్కుండా అతని తోడల్లుడి దగ్గర కొత్త చీటీ కడతారు. ఇటువంటి విశ్వాససంపన్నుల చేతికి వేల వరుసల కోడు ఇచ్చి చదువుకోమనడం, అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టినట్టు ఉంటుంది. కోడు చూశారా అని అడగండి, "ఆయ్, మా బావగారబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరేనండీ, చూసేశాడు" అంటారు. ఆ అబ్బాయి కంపెనీలో సెలవు దరఖాస్తుల పేజీ తయారుచేస్తాడు. అమెరికాలో ఉన్న తన సీనియరు చూసే ఉంటాడని అతని ధీమా. ప్రాగ్‌లో వాళ్లు చూసుకోకుండా పెడతారా అని ఆ సీనియరు ధీమా.

చిప్పు సంగతీ చెప్పాలి. 2020లో క్రిప్టో కొనుగోళ్లూ అమ్మకాలూ జరిపే క్రాకెన్ ఎక్స్ఛేంజీ భద్రతా విభాగం వారు ట్రెజర్‌ను చేతికి తీసుకుని, విద్యుత్తు వోల్టేజీతో చిప్పును తికమకపెట్టి, పావుగంటలో రహస్యాన్ని బయటికి లాగవచ్చని చూపించారు. ఇటువంటి వాలెట్లలో వాడే మామూలు చిప్పు, అంటే మైక్రోకంట్రోలర్, చౌక, పారదర్శకం, కానీ దొంగ చేతికి చిక్కితే మెత్తన. గట్టి భద్రతా చిప్పు కావాలంటే, దాని లోగుట్టు బయటపెట్టబోమని తయారీదారుకు ఒప్పందం రాసివ్వాల్సి రావడం ఈ రంగంలో మామూలు. మన పెద్దలు ఈ ధర్మసంకటాన్ని ఒక్క మాటలో తేల్చారు: "దొంగ చేతికి ఎందుకు పడుద్దండీ, బీరువాలో పట్టుచీరల మధ్య పెడితేనూ!" పట్టుచీరల మధ్య ఏముంటుందో తెలియని దొంగ డెల్టాలో ఇంకా పుట్టలేదు. ఇక ఎవరి దగ్గర వాలెట్ ఉందో దొంగకు తెలియడమెలా అంటారా? ఇలాంటి వాలెట్లే చేసే ఫ్రాన్సులోని లెడ్జర్ సంస్థ కొనుగోలుదారులు 2,70,000 మందికి పైగా చిరునామాలతో సహా బయటపడాలంటే 2020లో హ్యాకర్లు కష్టపడాల్సి వచ్చింది. ఇక్కడ కొరియరు కుర్రాడు పార్శిలును టీ కొట్టులో ఇచ్చిపోతే చాలు.

అన్నిటికన్నా గంభీరమైన విషయం, రహస్య కీకి మారురూపంగా వాలెట్ మొదట్లోనే యజమానికి చూపి రాసుకోమనే పన్నెండు పదాలు. పరికరం పాడైనా, పోయినా, 2048 పదాల జాబితా నుంచి వచ్చిన ఆ పన్నెండింటినీ వరుస తప్పకుండా మరో పరికరంలో కొడితే సొమ్ము తిరిగి చేతికొస్తుంది. అవి దొరికిన ప్రతివాడికీ వస్తుంది, తేడా లేదు. అందుకే వాటిని ఫొటో తీయరాదని, కంప్యూటరులో కొట్టరాదని, ఎవరికీ చూపరాదని నియమం. డెల్టా గృహస్థు ఈ నియమాన్ని భక్తితో విని, కాగితాన్ని జిరాక్సు షాపుకు తీసుకెళ్లి, మూడు కాపీలు తీయించి లామినేషన్ చేయిస్తాడు. 1986 వరదనూ 1996 తుపానునూ చూసిన జాగ్రత్తపరుడైతే లామినేషన్‌ను కూడా నమ్మడు. స్టీలు రేకు మీద చెక్కించుకోవాలని నిపుణులే చెబుతున్నారు కనుక నేరుగా స్టీలు సామాన్ల కొట్టుకు వెళతాడు. గ్లాసుల మీద పేర్లు కొట్టే ఆయన కళ్లజోడు సవరించుకుని, స్పెల్లింగు తప్పిపోకూడదని ఒక్కో పదాన్నీ వీధికి వినిపించేలా పైకి చదివి, మిషనుతో టకటకా కొట్టి, చివర్న ఎంతో మర్యాదగా అడుగుతాడు: "కింద ఎవరి జ్ఞాపకార్థం అని కొట్టమంటారండీ?"

పన్నుల విషయం క్లుప్తంగా ముగిస్తాను. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ 2022 నుంచి అమల్లో ఉన్నాయి. సొమ్ము ఎక్స్ఛేంజీలో కాక వాలెట్‌లో ఉన్నంత మాత్రాన లాభం మీద పన్ను తప్పదని ఆడిటరుగారు చెప్పగా విని, సగం మంది అభిమానులు ఈ ప్రాజెక్టు మీద ఆసక్తి కోల్పోయినట్టు కనిపిస్తోంది.

మిగిలిన సగం కోసం నా ప్రధాన సూచన. రహస్య కీకి మూలం ఎవరూ ఊహించలేని యాదృచ్ఛికత. పన్నెండు పదాలకు 128 బిట్లు, అంటే 128 సార్లు బొమ్మా బొరుసా వేసినంత యాదృచ్ఛికత, చాలు. 52 ముక్కల పేకను చక్కగా కలిపితే 225 బిట్లకు పైగా వస్తాయి. ఈ వనరు విషయంలో గోదావరి జిల్లాలు ఎవరికీ తీసిపోవు. అంతకన్నా ముఖ్యం, "మనవాడే" అన్న సిద్ధాంతం చెల్లని ఏకైక స్థలం డెల్టాలో పేకాట చాప. సొంత బావమరిది కలిపినా సరే, పక్కవాడు కోయందే పంచనివ్వరు. ఓడినవాడు డబ్బు విసిరేస్తే గెలిచినవాడు లెక్కపెట్టకుండా జేబులో వేసుకోడు. ప్రాగ్‌లోనూ పారిస్‌లోనూ ఇంజనీర్లు పుస్తకాలు చదివి నేర్చుకున్న క్రమశిక్షణను, మనవాళ్లు పోలీసువారి కంటపడకుండా కొబ్బరితోటల్లో దశాబ్దాలుగా పాటిస్తున్నారు.

కాబట్టి వాలెట్ కోడును తనిఖీ చేసే సంఘంలో బంధువుల అబ్బాయిలను తప్పించి పేకాటరాయుళ్లను నియమించాలని కోరుతున్నాను. వాళ్లకు ప్రోగ్రామింగు రాదన్న ఆక్షేపణ ఉంది. వచ్చినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా ఏ పేజీ తిప్పారు గనుక? రానివాడికి కనీసం అర్థం కాని వరుస దగ్గర ఆగి, ఇదేమిటి అని అడిగే అలవాటు ఉంటుంది. గౌరవ వేతనం బిట్‌కాయిన్లలో ఇద్దామని యువకులు ఉత్సాహపడుతున్నారు గానీ, సంఘ సభ్యులు దానికి ఒప్పుకోరు. రొక్కమే అడుగుతారు, అదీ ముందుగా. అందులోనూ ప్రతి నోటునూ వెలుతురుకు ఎత్తి చూశాకే కోడు దగ్గరికి వస్తారు.